వెండి రేణువులతో కాంతిని సిలికాన్‌లోకి దించడం ఎలా?

ప్రాజెక్టు పని మీద బెంగళూరు వచ్చే మన పిల్లలు రెండో వారానికల్లా నాకు ఒక ఫోటో పంపిస్తారు. సోలార్ సెల్‌కు వాడే సిలికాన్ ముక్క మీద వెండి పొర వేసి, వేడి చేసి, అది నల్లబడగానే "అన్నా, కాంతంతా లోపలికి పోయింది చూడు" అని రాస్తారు. నల్లబడిందంటే కాంతి తిరిగి మన కంటికి రాలేదని మాత్రమే అర్థం. సిలికాన్‌లోకే పోయిందని ఎవరు చూశారు? దారిలో వెండే మింగేసి ఉండొచ్చు. సిలికాన్ మింగితే కరెంటు వస్తుంది, వెండి మింగితే వేడి పుడుతుంది. కంటికి రెండూ ఒకటే నలుపు.

ఆ రెండింటినీ విడదీసి చూపించగలిగితేనే మీ ప్రయోగానికి విలువ. అందుకే ఈ వరుసలో పొర వేయడం కన్నా కొలతల మీదే ఎక్కువ రాశాను.

ముందు కొన్ని లెక్కలు

సిలికాన్‌కు అన్ని రంగుల మీదా ఒకే ఆకలి ఉండదు. 500 నానోమీటర్ల కాంతిలో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ లోతులోనే ఆగిపోతుంది. 800 దగ్గర అదే పనికి సుమారు 12 మైక్రాన్లు కావాలి. 1000 దగ్గర 150 మైక్రాన్లు దాటుతుంది. 1100 దాటాక సిలికాన్ దాదాపు గాజులాంటిదే. కాబట్టి రెండు మైక్రాన్ల పలచని సెల్‌లో పరారుణ కాంతి ఇలా వచ్చి అలా వెళ్లిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే లోపల వాలుగా నడిపించాలి. సిలికాన్ వక్రీభవన గుణకం సుమారు 3.5 కనుక, నిలువు గీతకు 17 డిగ్రీలకన్నా ఎక్కువ వాలిన కాంతి గాలిలోకి బయటపడలేదు. గోడల మధ్య బంతిలా లోపలే తిరుగుతుంది.

ఆ వాలు ఇచ్చే పని వెండి రేణువుది. కాంతి తగలగానే రేణువులోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగుతాయి, ఊగుతూ ఆ కాంతిని చిన్న యాంటెన్నాలా మళ్లీ చిమ్ముతాయి. చిన్న రేణువు గాలిలో ఒంటరిగా ఉంటే పైకెంతో కిందికీ అంతే. సిలికాన్ పక్కన పెడితే మాత్రం చాలావరకు సిలికాన్ వైపే చిమ్ముతుంది. నీరు పల్లమెరుగు అంటారు కదా, కాంతికి వక్రీభవన గుణకం ఎక్కువున్న వైపే పల్లం. రేణువును అంటిపెట్టుకుని గాలిలో దూరం పోలేని క్షేత్రం ఒకటి ఉంటుంది. అది సిలికాన్‌ను తాకగానే అక్కడ ప్రయాణించే తరంగంగా మారుతుంది, అదీ బాగా వాలుగా.

క్యాచ్‌పోల్, పోల్మన్ అనే శాస్త్రవేత్తలు 2008లో ఈ లెక్క వేసి, సిలికాన్‌కు అతి దగ్గరగా ఉన్న బిందు డైపోల్ (ఊగే చార్జి జంటను ఒక చుక్కగా ఊహించింది) 96 శాతం కాంతిని కిందికే చిమ్ముతుందని చూపారు. ఈ అంకెను మీ రిపోర్టులో మీ రేణువులకు అంటగట్టకండి. అది ఆదర్శ బిందువు సంగతి. నిజం రేణువుకు ఎత్తు ఉంటుంది, దాని మధ్యభాగం సిలికాన్‌కు దూరమైన కొద్దీ ఈ వాటా తగ్గుతుంది.

ఇక సైజు. తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న రేణువుల్లో, వ్యాసం రెట్టింపు చేస్తే మింగడం 8 రెట్లు పెరుగుతుంది, చిమ్మడం 64 రెట్లు పెరుగుతుంది. అందుకే 20 నానోమీటర్ల వెండి రేణువు ప్రధానంగా మింగుడుకాయ. వంద నానోమీటర్ల దగ్గరికి వస్తే చిమ్మడానిదే పైచేయి. ఇంకా ఇంకా పెంచుకుంటూ పోతే ఊగడం ఒక్క తీరుగా ఉండదు, లాభం మళ్లీ తగ్గుతుంది. గుస్తావ్ మీ అనే జర్మన్ శాస్త్రవేత్త 1908లో ఇచ్చిన సూత్రం ఈ లెక్కను గోళాలకు ఖచ్చితంగా చేస్తుంది. ఇవాళ మీ లాప్‌టాప్‌లో అది క్షణంలో పని. వెండి వక్రీభవన గుణకాలకు జాన్సన్, క్రిస్టీల 1972 కొలతలు వాడండి. అయితే ఆ సూత్రానికి కింద సిలికాన్ ఉందని తెలియదు. ఏ సైజుతో మొదలుపెట్టాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది, ఫలితాన్ని ముందే చెప్పడానికి కాదు.

బంగారం ఎందుకు కాదంటే, సుమారు 520 నానోమీటర్లకు దిగువన అది కాంతిని బాగా మింగేస్తుంది. ఖరీదు సంగతి సరేసరి.

ఏ సెల్ తీసుకోవాలి

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో చిన్న సోలార్ ప్యానెళ్లు చవగ్గా దొరుకుతాయి. కొనండి, మల్టీమీటర్ అలవాటు చేసుకోవడానికి. ఈ ప్రయోగానికి మాత్రం అవి పనికిరావు. పైన జిగురు పొర, దాని కింద నీలి రంగు నైట్రైడ్ పూత, తరచుగా దాని కింద పిరమిడ్ల గరుకుదనం ఉంటాయి. కాంతిని వాల్చే పని ఆ పిరమిడ్లే చేసేస్తున్నాయి, మీ వెండికి మిగిలిందేమీ లేదు.

మీకు కావాల్సింది నున్నటి, కప్పులేని సిలికాన్ సెల్. ఎంత పలచనైతే ఫలితం అంత స్పష్టంగా కనిపిస్తుంది. పైన 10 నుంచి 30 నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఉండాలి. వెండి నేరుగా సిలికాన్‌ను తాకితే కాంతి పుట్టించిన ఎలక్ట్రాన్లు ఆ తాకిన చోటే చచ్చిపోతాయి. ఆక్సైడ్ మరీ మందమైతే రేణువు క్షేత్రం సిలికాన్‌ను అందుకోలేదు. ఈ పొర మందం దగ్గర పీనాసితనం, ధారాళం రెండూ నష్టమే.

ఇంకో మాట. వైర్లు ముందే సోల్డర్ చేయకండి. మామూలు తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకే కరుగుతుంది, మీ ఫర్నేస్ అంతకన్నా వేడి. కొలిచేటప్పుడు ప్రోబ్ సూదులు ఆనిస్తే చాలు.

మీ కాలేజీలో ఇవేవీ లేకపోతే నిరాశ పడనక్కర్లేదు. ఐఐఎస్సీలోని (బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ) నానో సైన్స్ కేంద్రం సెన్స్ క్లీన్‌రూమ్‌లో (దుమ్ము లేని ల్యాబ్‌లో) బయటి కాలేజీల వాళ్లు కూడా పని చేసుకునేందుకు ఐఎన్‌యూపీ అనే కార్యక్రమం ఉంది. మీ గైడ్ ద్వారా ప్రపోజల్ పెట్టాలి. స్లాట్ దొరకడానికి టైమ్ పడుతుంది, సెమిస్టర్ చివర్లో మొదలుపెడితే టెన్షనే మిగులుతుంది.

వెండి వేయకముందే కొలవండి

అందరూ దాటేసేది ఇదే. నేనూ దాటేశాను. ప్రాజెక్టులో చేరిన కొత్తలో ఒక సెల్ మీద వెండి వేసి, వేడి చేసి, కొలిచి, కరెంటు పెరిగిందని గైడ్‌కు చూపించాను. ఆయన ఒక్కటే అడిగారు: "వెండి లేకుండా ఇదే సెల్‌ను వేడి చేస్తే ఎంత వచ్చింది?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే వెండి వేయని తోటి సెల్‌ను అదే ఫర్నేస్‌లో పెట్టి కొలిచాను. అందులోనూ దాదాపు అంతే పెరుగుదల. ఫర్నేస్ వేడికి సెల్ కాంటాక్టులు బాగుపడ్డాయి, వెండికి దక్కాల్సిన పేరేమీ లేదు. మూడు వారాల పని చెత్తబుట్టలోకి.

అప్పటినుంచి మూడు ముక్కల పద్ధతే. ఒకే వేఫర్ (సిలికాన్ పలక) నుంచి మూడు సెల్‌లు తీసుకోండి. మొదటిదాన్ని ముట్టుకోవద్దు. రెండోది మిగతా అన్ని దశల్లోకీ వెళ్తుంది, వెండి ఒక్కటే పడదు. మూడోది అసలు సెల్. మూడింటికీ ముందే పరావర్తనం, తరంగదైర్ఘ్యం వారీగా కరెంటు కొలిచి పెట్టుకోండి. వీటికి తోడు నున్నటి గాజు స్లైడు ముక్కలు రెండు పక్కన పెట్టండి. పొర ఎలా వచ్చిందో కంటితో చూడ్డానికి గాజుకు మించింది లేదు.

కడగడం

అసిటోన్‌లో పది నిమిషాలు, ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పది నిమిషాలు సానికేటర్‌లో (శబ్ద తరంగాలతో కడిగే తొట్టిలో) పెట్టి, డీఐ వాటర్‌తో (అయాన్లు తీసేసిన నీటితో) కడిగి, నైట్రోజన్‌తో ఊది ఆరబెట్టండి. పలచని సెల్ సానికేటర్‌లో పగిలే ప్రమాదముంది, దాన్ని ఊరికే ముంచి తీయండి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఈ పనికి అవసరం లేదు, అది వాడితే మీ ఆక్సైడ్ పొర కూడా పోతుంది. ఎవరైనా వాడమన్నా, శిక్షణ లేకుండా, కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా ఆ సీసా దగ్గరికి వెళ్లకండి.

వెండి పొర వేయడం

ఒకమ్మాయి నిజంగానే అడిగింది, చిక్‌పేటలో వెండి కొనుక్కొస్తే సరిపోతుందా, ఇంట్లో పాత పట్టీలున్నాయి, అవి వాడొచ్చా అని. పట్టీల్లో రాగి కలుస్తుంది. థర్మల్ ఎవాపొరేటర్‌కు (వెండిని శూన్యంలో ఆవిరి చేసి పొరగా వేసే యంత్రానికి) 99.99 శాతం స్వచ్ఛమైన వెండి తీగో గుళికలో కావాలి. పొరకు పట్టే వెండి చూస్తే నవ్వొస్తుంది: 15 నానోమీటర్ల పొర ఒక చదరపు మీటరు మీద వేసినా 0.16 గ్రాములు దాటదు. మీ చదరపు సెంటీమీటరు సెల్‌కు 16 మైక్రోగ్రాములు. బోటులో (వెండిని వేడి చేసే లోహపు తొట్టిలో) పెట్టిన మిగతా వెండంతా ఛాంబర్ గోడలకు పోతుంది, అందుకే ల్యాబ్ వాళ్లు అన్ని శాంపిళ్లూ ఒకేసారి పెట్టమని పోరుతారు.

మాలిబ్డినం లేదా టంగ్‌స్టన్ బోటులో వెండి పెట్టి, ఛాంబర్‌ను 10⁻⁶ మిల్లీబార్ ప్రాంతానికి దించండి. సెల్ అంచులనూ, మెటల్ గీతలనూ సన్నని రేకుతో కప్పండి. అంచు మీదుగా వెండి పాకితే సెల్ షార్ట్ అవుతుంది, ఆ తర్వాత ఏం కొలిచినా అర్థం ఉండదు. సెకనుకు 0.05 నుంచి 0.1 నానోమీటరు వేగంతో, 12 నుంచి 16 నానోమీటర్ల మధ్య ఆపండి. ఛాంబర్‌లో మందం కొలిచే క్రిస్టల్ మానిటర్ చూపించే మందం క్రిస్టల్ మీద పడిన మందం, మీ సెల్ మీద పడింది కాదు. టూలింగ్ ఫ్యాక్టర్ (ఆ రెండు మందాల నిష్పత్తి) ఎప్పుడు సరిచూశారో ల్యాబ్ టెక్నీషియన్‌ను అడగండి. ఆయన "మొన్నే" అంటే నవ్వి ఊరుకోకుండా ఇంకో గాజు ముక్క మీద మందంగా వేసి ప్రొఫైలోమీటర్‌తో (పొర అంచు ఎత్తు కొలిచే పరికరంతో) మీరే చూసుకోండి.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. వెండి బాగా అతుక్కోవాలని అలవాటు కొద్దీ కింద క్రోమియమో టైటానియమో కొద్దిగా వేస్తారు. వద్దు. ఆ లోహాలు ఎలక్ట్రాన్ల ఊగుడును చంపేస్తాయి, వెండి రేణువులుగా విడిపోకుండా పట్టి ఉంచుతాయి. ఇక్కడ మనకు కావాల్సింది వెండి సరిగ్గా అతుక్కోకపోవడమే.

ఫర్నేస్‌లో రేణువులు కావడం

నైట్రోజన్ ప్రవాహంలో 200 నుంచి 250 డిగ్రీల దగ్గర సుమారు గంట ఉంచండి. వెండి కరిగేది 962 డిగ్రీల దగ్గర కదా, 200కే ఎలా ముద్దలవుతుంది అని ప్రతి వైవాలోనూ అడుగుతారు. ఇక్కడ కరగడం జరగదు. పొర ఉపరితలంలోని పరమాణువులు ఆ వేడికి కదలగలవు, చాలు. వెండికి ఆక్సైడ్ మీద పరుచుకుని ఉండటం ఇష్టం ఉండదు, ఉపరితలం తగ్గించుకోవడానికి కుచించుకుని గుట్టలవుతుంది. దీన్ని పెనం మీద చిలకరించిన నీళ్లతో పోల్చేవాళ్లున్నారు, నాకు నచ్చదు. కాలిన పెనం మీద నీటిచుక్క తన ఆవిరి మీద తాను తేలుతుంది, అది వేరే కథ. తామరాకు మీద నీటిబొట్టు సరైన పోలిక.

బయటికి తీసేముందు ఫర్నేస్ వంద డిగ్రీల లోపుకు చల్లారనివ్వండి. తీశాక ముందు గాజు ముక్క చూడండి. వెలుతురుకు పెట్టి చూస్తే వేడి చేయకముందు నీలం-ఊదా ఛాయలో ఉన్న పొర పసుపు, నారింజ వైపు మారి ఉంటుంది. ఇంకా అద్దంలా మెరుస్తుంటే పొర మందమైంది లేదా వేడి చాలలేదు.

ఆ తర్వాత సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద చూడాలి. గాజు ముక్కలో చార్జ్ పేరుకుని బొమ్మ తెల్లగా కొట్టుకుపోతుంది, సిలికాన్ ముక్కనే పెట్టండి. అందంగా వచ్చిన మూల ఒకటి వెతికి ఫోటో తీయకుండా, కనీసం ఐదు వేర్వేరు చోట్ల తీయండి. ఇమేజ్-జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సైజులు లెక్కపెట్టండి. వంద నానోమీటర్లకు అటూ ఇటూ, కొన్ని ఇంకా పెద్దవి, ఆకారాలు వంకరటింకరగా కనిపిస్తే బాగానే వచ్చినట్టు. అన్నీ ఒకే సైజులో ముత్యాల్లా ఉండాలని ఈ పద్ధతిని అడగకూడదు. 30, 40 నానోమీటర్ల పిల్ల రేణువులు పెద్దవాటి మధ్య నిండా ఉంటేనే చిక్కు, మింగేవి అవే.

అసలు కొలత

ఇంటిగ్రేటింగ్ స్ఫియర్‌తో (అన్ని వైపులా చిమ్మిన కాంతినీ పోగుచేసే బోలు గోళంతో) మొత్తం పరావర్తనం కొలవండి. స్ఫియర్ లేకుండా అద్దంలా ఎదురు కోణంలో మాత్రమే కొలిస్తే, రేణువులు పక్కలకు చిమ్మిన కాంతి లెక్కలోకి రాదు, పరావర్తనం తగ్గిపోయిందన్న భ్రమ కలుగుతుంది. స్ఫియర్‌తో కొలిచినా, వందలోంచి పరావర్తనం తీసేస్తే మిగిలేది సిలికాన్ వాటా, వెండి వాటా కలిపిన మొత్తం. పలచని సెల్ అయితే అవతలి వైపు దూసుకుపోయింది కూడా అందులోనే కలిసి ఉంటుంది. ఇక్కడితో ఆగి రిపోర్టు రాస్తే, మొదట చెప్పిన నల్ల ఫోటోకూ మీ గ్రాఫ్‌కూ తేడా లేనట్టే.

విడదీసేది ఈక్యూఈ (బాహ్య క్వాంటం సామర్థ్యం) కొలత. ప్రతి తరంగదైర్ఘ్యం దగ్గర వందమంది ఫోటాన్లు వస్తే ఎన్ని ఎలక్ట్రాన్లు బయటికొచ్చాయో అది చెబుతుంది. వెండి మింగిన ఫోటాన్ ఎలక్ట్రాన్‌గా బయటికి రాదు. మోనోక్రోమేటర్ (ఒక్కో రంగునే వదిలేది), చాపర్ (కాంతిని తెంపి తెంపి పంపేది), లాక్-ఇన్ యాంప్లిఫయర్ (ఆ తెంపులకు తగ్గ సంకేతాన్నే పట్టేది) ఉన్న ల్యాబ్‌లో 400 నుంచి 1150 నానోమీటర్ల దాకా పదేసి నానోమీటర్ల అడుగుతో కొలవండి. మూడో సెల్ విలువను దాని సొంత పాత విలువతో భాగించండి. రెండో సెల్‌కూ అదే చేయండి. మొదటి భాగఫలాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది వెండి ఒక్కదాని పని.

ఆ సౌకర్యం లేని కాలేజీ అయితే ఎస్పీ రోడ్‌కు వెళ్లండి. 470 నానోమీటర్ల నీలి ఎల్ఈడీ, 850, 940 పరారుణ ఎల్ఈడీలు దొరుకుతాయి. టీవీ రిమోట్‌లో ఉండేది ఆ 940 రకమే. స్థిరమైన కరెంటుతో వెలిగించి పది నిమిషాలు ఆగండి, ఎల్ఈడీ వేడెక్కే కొద్దీ వెలుగు మారుతుంది. నల్ల గుడ్డ కప్పిన అట్టపెట్టెలో, సెల్‌ను ప్రతిసారీ ఒకే గాడిలో పెట్టి, షార్ట్ సర్క్యూట్ కరెంటు రాసుకోండి. తీసి మళ్లీ పెట్టి పదిసార్లు కొలవండి. పదిసార్లలో అంకెలు ఎంత అటూ ఇటూ అయ్యాయో చూస్తే, మీరు చెప్పుకునే పెరుగుదల నిజమో గాడి వదులో తెలిసిపోతుంది. మూడు చుక్కల గ్రాఫ్ అయినా, నిజాయితీగా తీసింది రంగురంగుల సిమ్యులేషన్ కన్నా నాకు ముద్దు.

వెండి ముందువైపు ఉంటే గీత ఇలా రావాలి: 900 దాటాక లాభం, నీలి వైపు నష్టం. నీలి నష్టానికి వెండి మింగడం ఒక కారణం. ఇంకోటి, అనునాదానికి (ఎలక్ట్రాన్లు అన్నిటికన్నా జోరుగా ఊగే తరంగదైర్ఘ్యానికి) దిగువన ఉన్న తరంగదైర్ఘ్యాల దగ్గర రేణువు చిమ్మిన కాంతి, నేరుగా దిగే కాంతి సిలికాన్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ నష్టం కనపడిందని కంగారు పడకండి, కనపడకపోతేనే అనుమానించండి. దాన్ని తప్పించుకోవాలంటే రేణువులను సెల్ వెనుక పెట్టాలి. నీలి కాంతి ముందే సిలికాన్‌లో ఖర్చైపోతుంది, వెనుక దాకా వచ్చేది పరారుణమే. అక్కడ వెండికి పాడుచేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. రెండోసారి చేసే అవకాశం దొరికితే వెనుకే వేయండి.

పెరుగుదలను చెప్పే తీరులోనూ జాగ్రత్త. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం బృందం 2007లో 1.25 మైక్రాన్ల సిలికాన్ సెల్ మీద వెండి రేణువులతో 1050 నానోమీటర్ల దగ్గర 16 రెట్ల పెరుగుదల చూపింది. మొత్తం కరెంటులో పెరిగింది మాత్రం సుమారు మూడో వంతు. 1050 దగ్గర మొదట వచ్చేదే చాలా తక్కువ కాబట్టి రెట్లు అంత పెద్దగా కనిపిస్తాయి. మీరూ మీ ఈక్యూఈని ఏఎం 1.5 అనే ప్రామాణిక సూర్యకాంతితో గుణించి మొత్తం కూడండి. ముందు రాయాల్సింది ఆ మొత్తమే, రెట్లు తర్వాత.

మార్కెట్‌లోని మామూలు సెల్‌కు ఇదంతా లాభమా అని అడిగితే, నా అభిప్రాయంలో కాదు. వంద మైక్రాన్లు దాటిన సెల్‌కు పిరమిడ్లే చాలు, అవి కాంతిని మింగవు కూడా. కాంతి దారిని గరుకుదనంతో ఎంత పొడిగించవచ్చో భౌతిక శాస్త్రవేత్త యాబ్లోనోవిచ్ 1982లో చెప్పిన హద్దు సిలికాన్‌కు దాదాపు 50 రెట్లు. వెండి రేణువుల చోటు పిరమిడ్లు చెక్కేంత మందం లేని సెల్‌లదే.

దాచడం, ఆఖరి పరీక్ష

పూజ సామాను నల్లబడ్డట్టే రేణువులూ నల్లబడతాయి, ఇంకా త్వరగా. గాలిలోని గంధకం వెండిని సల్ఫైడ్‌గా మారుస్తుంది. మురుగు నిండిన చెరువు పక్కన ల్యాబ్ ఉంటే చెప్పనక్కర్లేదు. శాంపిల్ డబ్బాకు రబ్బర్ బ్యాండ్ వేయకండి, రబ్బరులోనూ గంధకం ఉంటుంది. నా జూనియర్ ఒకడు అలాగే కట్టి సంక్రాంతికి ఊరెళ్లాడు. తిరిగొచ్చి కొలిస్తే అనునాదం ఎర్ర వైపు జరిగి, ఎత్తు తగ్గి కూర్చుంది. డెసికేటర్‌లో (తేమ చేరని మూత డబ్బాలో) పెట్టండి, కొలతలన్నీ మొదటి వారంలోనే ముగించండి.

అన్నీ అయ్యాక ఆ వెండిని తీసేయండి. కాంటాక్టు గీతలకు దూరంగా, ఫ్యూమ్ హుడ్‌లో, గైడ్ పక్కనుండగా, పలచని నైట్రిక్ ఆమ్లం చుక్క వేస్తే క్షణాల్లో కరుగుతుంది. గీతలు కూడా వెండివే అయి ఉండొచ్చు, చుక్క అటు పాకితే సెల్ పోతుంది. కడిగిన నీళ్లు సింక్‌లో కాకుండా మెటల్ వ్యర్థాల సీసాలో పోయండి. ఆరబెట్టి ఈక్యూఈ మళ్లీ తీయండి. 1000 దగ్గర లేచిన ఉబ్బు మాయమై, నీలి వైపు పడిన గుంట పూడి, గీత మళ్లీ రెండో సెల్ పక్కకు వచ్చి కూర్చుంటే, ఆ మూడు గీతలనూ ఒకే గ్రాఫ్‌లో గీసి నాకు పంపండి. నల్ల ఫోటో అక్కర్లేదు.